ఇయో కాపితానో (చలనచిత్రం)

ఇటలీ దర్శకుడు మత్తేయో గర్రోనే తీసిన 'ఇయో కాపితానో' (2023) సెనెగల్ రాజధాని డాకర్ నుంచి యూరప్‌కు బయల్దేరిన సేదు, మూసా అనే పదహారేళ్ల కజిన్ల కథ. మాటలు ఎక్కువగా వోలోఫ్, ఫ్రెంచి భాషల్లో ఉంటాయి. వెనిస్ చలనచిత్రోత్సవంలో గర్రోనేకు ఉత్తమ దర్శకుడిగా సిల్వర్ లయన్, సేదుగా నటించిన సేదు సార్‌కు కొత్త నటులకిచ్చే అవార్డు దక్కాయి. ఆస్కార్‌కూ ఈ చిత్రం నామినేట్ అయింది.

సేదు తల్లికి చెప్పకుండానే ఇల్లు విడుస్తాడు. అయితే పెద్దల అనుమతి లేకుండా మాత్రం కాదు: ఇద్దరూ శ్మశానానికి వెళ్లి, గతించినవాళ్లను అడిగి మరీ కదులుతారు. ఇస్లాంను గాఢంగా నమ్మే సమాజంలో పితృదేవతల మీద భక్తి ఎలా కలిసిపోయి ఉంటుందో ఈ ఘట్టం వివరణలేవీ లేకుండానే చూపిస్తుంది.

నైజర్ మీదుగా సహారా. నడవలేక పడిపోయిన ఒక స్త్రీ కోసం సేదు వెనక్కి వెళ్తాడు, నీళ్లు పడతాడు, బతికించలేకపోతాడు. ఆ తర్వాత అతని ఊహలో ఆమె గాలిలో తేలుతూ అతని చెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఎడారిని మరీ అందంగా చిత్రించారన్న విమర్శ ఉంది. కానీ ఆ అందం వల్లే ఆమె చావు మరింత కలచివేస్తుంది.

లిబియాలో నిర్బంధం, చిత్రహింసలు. డబ్బు చాలక, ఈత కూడా రాని సేదు చివరికి పడవ నడపడానికి ఒప్పుకోవలసి వస్తుంది. ఒక్కరినీ చావనివ్వనన్న పట్టుదల అక్కడ అతని ప్రార్థన అవుతుంది.

ఈ కథ ముస్లింలు, క్రైస్తవులు ఇద్దరినీ తాకింది. బాటసారి ఖురాన్ ప్రకారం జకాత్‌కు (తప్పనిసరి దానానికి) అర్హుడు. పరదేశిని చేర్చుకోవడం మత్తయి సువార్తలో తీర్పు దినాన అడిగే లెక్కల్లో ఒకటి. పోప్ ఫ్రాన్సిస్ 2013 జులైలో రోమ్ వెలుపల తన తొలి పర్యటనకు వలసదారుల పడవలు చేరే లాంపెదూసా దీవినే ఎంచుకుని, మునిగిపోయినవారి కోసం సముద్రంలో పూలచక్రం వదిలారు. పదేళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో, గర్రోనే బృందాన్ని వాటికన్‌లో కలుసుకున్నారు. చిత్రాన్ని అక్కడ ప్రదర్శించారు కూడా.

సినిమా ఒడ్డు చేరకముందే ముగుస్తుంది. నిజజీవితంలో ఇలా పడవ నడిపిన వలసదారులను ఇటలీలో అక్రమ వలసకు సహకరించిన నేరం కింద అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. ఈ కథకు ఆధారమైన అనుభవాల్లో ఒకటి, అలా చుక్కాని పట్టి జైలుపాలైన 15 ఏళ్ల కుర్రాడిది.