ఫ్రెంచి వ్యాకరణం: నేర్చుకునేవారి సందేహాలు

ఫ్రెంచి నేర్చుకునేవారిని ఎక్కువగా తికమకపెట్టే వ్యాకరణాంశాలు మూడు: నామవాచకాల లింగం, భూతకాలంలో సహాయక క్రియ, ఎదుటివారిని సంబోధించే తీరు.

లింగం: ఫ్రెంచిలో ప్రాణంలేని వస్తువులకూ లింగభేదం ఉంది. సూర్యుడు (సొలేయ్) పుంలింగం, బల్ల (తాబ్ల్) స్త్రీలింగం. తెలుగులో 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అంటూ ఒకే క్రియారూపంతో సరిపెట్టుకోవచ్చు. ఫ్రెంచిలో ఆ వెసులుబాటు లేదు. లింగం మారితే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. 'ల్ లివ్ర్' అంటే పుస్తకం, 'లా లివ్ర్' అంటే పౌను. 'ఆజ్' అని ముగిసే మాటలు చాలావరకు పుంలింగాలు, అయినా పుటకు వాడే 'పాజ్' స్త్రీలింగమే. అందుకే ప్రతి మాటనూ దాని ముందు వచ్చే 'ల్' (పుంలింగం) లేదా 'లా' (స్త్రీలింగం)తో కలిపి నేర్చుకోవడం మేలు.

భూతకాలం: చాలా క్రియలకు సహాయక క్రియగా 'అవ్వార్' తోడవుతుంది. వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం వంటివాటికి 'ఎత్ర్' కావాలి. కొన్ని క్రియలు రెండింటితోనూ వస్తాయి: 'జ్ సుయి సోర్తీ' అంటే బయటికి వెళ్లాను, 'జే సోర్తీ ల్ షియేఁ' అంటే కుక్కను బయటికి తీసుకెళ్లాను. కర్మ ఉందా లేదా అన్నదే ఇక్కడ కీలకం.

'అవ్వార్'తో వచ్చే క్రియారూపం, కర్మ తనకంటే ముందు వచ్చినప్పుడే దాని లింగవచనాలను అనుసరిస్తుంది. 16వ శతాబ్దంలో కవి క్లెమాఁ మారో ఇటాలియన్ ఒరవడి చూపి ఈ నియమాన్ని సమర్థించాడు.

సంబోధన: 'త్యు' అంటే నువ్వు, 'వూ' అంటే మీరు. ఒక్కరినే ఉద్దేశించినా 'వూ'తో బహువచన క్రియే వాడాలి. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తేమీ కాదు. అపరిచితులను, దుకాణదారులను 'వూ' అంటారు. నేటి ఫ్రాన్సులో పిల్లలు అమ్మానాన్నలను సాధారణంగా 'త్యు' అనే అంటారు.