తంగేడు చెక్క నుంచి క్రోమ్ దాకా: పాలారు లోయలో తోళ్ల పట్టణాలు

కుప్పం దాటి కొండ దిగిన రైలు జోలార్‌పేట చేరాక చెన్నై వైపు మళ్లుతుంది. కుడి పక్కన ఏలగిరి, దాని వెనక జవ్వాది కొండలు. ఎడమ పక్కన చిత్తూరు జిల్లా నుంచి దిగివచ్చే కొండల వరస. నడుమన పాలారు లోయ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ నదిలో కనిపించేది ఇసుకే. దాని ఒడ్డునే వాణియంబాడి, ఆంబూరు ఉన్నాయి. ఇంకాస్త ముందుకు పోతే, పాలారులో కలిసే కౌండిన్య నది ఒడ్డున అగ్గిపెట్టెలకూ లుంగీలకూ పేరుపడ్డ గుడియాత్తం వస్తుంది. వాణియంబాడి, ఆంబూరులది మాత్రం తోళ్ల వ్యాపారం. యూరప్ దుకాణాల్లో అమ్ముడయ్యే తోలు బూట్లలో ఈ లోయలో పదును చేసిన తోలు, ఈ లోయ ఆడవాళ్లు కుట్టిన కుట్టు చాలానే ఉంటాయి. బజారులో తమిళం, ఉర్దూ, తెలుగు మూడూ వినిపిస్తాయి. ఆంబూరులో దిగినవాళ్లు జీరగ సాంబా బియ్యంతో వండిన బిరియానీ, వంకాయ కూర రుచి చూడకుండా కదలరు.

చిత్తూరు నుంచి సాగిన పాలన

ఈ ఊళ్లు తెలుగు చరిత్రకు దూరమేమీ కావు. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం చిత్తూరే. వేలూరు, గుడియాత్తం, ఆంబూరు వ్యవహారాలన్నీ అక్కడి కచేరీలోనే తేలేవి. ఆ ఏడాది చిత్తూరు విడి జిల్లా అయింది. అప్పటిదాకా సేలం జిల్లాలో ఉన్న తిరుపత్తూరు తాలూకా, దానితోపాటు వాణియంబాడి ఉత్తర ఆర్కాటులో కలిశాయి.

తిరుపత్తూరుకు అంతకన్నా పాత సంబంధం ఒకటుంది. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పుడు, దాని పాలన చూసిన అలెగ్జాండర్ రీడ్ తిరుపత్తూరులో మకాం పెట్టాడు. ఆయన కింద పనిచేసిన కుర్ర అధికారి థామస్ మన్రో. నడుమ జమీందారు లేకుండా రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతిని వాళ్లు ఇక్కడే మొదలుపెట్టారు. 1800లో మన్రో దత్త మండలాలకు కలెక్టరుగా వెళ్తూ ఆ అనుభవాన్ని వెంట తీసుకెళ్లాడు. రాయలసీమ రైతు చెల్లించిన రైత్వారీ శిస్తుకు తొలి పాఠాలు ఈ కొండల నడుమే రూపుదిద్దుకున్నాయి. తిరుపత్తూరు 2019 నవంబరులో వేలూరు నుంచి విడిపోయి జిల్లా కేంద్రమైంది. వాణియంబాడి, ఆంబూరు ఇప్పుడు ఆ జిల్లావే.

లంద నుంచి టానరీకి

తోలు పదును చేయడం తెలుగు పల్లెకు తెలియని విద్య కాదు. మాదిగవాడలో తోళ్లు ఊరబెట్టే లంద ఉండేది. అందులో సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ ఉండేవి. పూలను బతుకమ్మలో పేర్చే ఆ తంగేడు చెట్టు బెరడులోనే తోలును కుళ్లకుండా ఆపే గుణం ఉంది. ఊరి మోట తిత్తులకూ చెప్పులకూ తోలు తయారయ్యింది ఆ లందలోనే. ఆ పని చేసినవాళ్లకు ఊరు ఇచ్చింది మాత్రం అంటరానితనం.

పాలారు లోయలోనూ మొదట పద్ధతి అదే. ఉప్పు పట్టించిన తోలును ముందు నీళ్లలో నానబెట్టేవారు. సున్నపు గుంటల్లో వేసి వెంట్రుకలు వదిలించేవారు. లోపలివైపు అంటుకున్న మాంసపు పొరను కత్తితో గీకేసేవారు. తర్వాత తంగేడు చెక్క నానిన నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టేవారు. చివర్లో కరక్కాయ నీళ్లు, నూనె పట్టించేవారు. విద్య ఒకటే అయినా ఇక్కడ దానికి రైలు, పెట్టుబడి తోడయ్యాయి. 1856 జూలై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ దారే లోయ వెంట పొడుగై జోలార్‌పేట చేరింది. 1864లో బెంగళూరుకూ రైలు పడింది. నాలుగు దిక్కుల నుంచి ముడి తోళ్లు ఇక్కడికి చేరడానికి, పదును చేసిన తోళ్లు మద్రాసు పెరియమేట్ మండీకీ అక్కడి నుంచి ఓడలమీద లండన్‌కీ వెళ్లడానికి దారి దొరికింది. వ్యాపారం ఎక్కువగా ముస్లిం కుటుంబాలది. గుంటల్లో దిగి పనిచేసిన చేతులు ఎక్కువగా దళితులవి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు ఈ తోలే కావలసివచ్చింది. కొనుగోళ్లను సర్కారే చేతిలోకి తీసుకుంది. తోళ్ల మీద వచ్చిన డబ్బులో కొంత చదువుల వైపు మళ్లింది. 1919లో వాణియంబాడిలో ఇస్లామియా కళాశాల వెలిసింది.

నాయుడమ్మ కాలం

తంగేడుతో వారాలు పట్టే పనిని క్రోమియం లవణాలు గంటల్లో ముగిస్తాయి. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు 1903లోనే క్రోమ్ పద్ధతిని ప్రయోగించి చూశాడు. అది లోయ నిండా పాకడానికి మాత్రం స్వాతంత్ర్యం తర్వాత పాతికేళ్లు పట్టింది.

ఈ మలుపులో ఒక తెలుగు పేరు ఉంది. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, బెనారస్‌లో చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి, మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థలో చేరారు. 1948లో మొదలైన ఆ సంస్థకు 1958లో డైరెక్టరయ్యారు. పరిశోధన ప్రయోగశాలలో మిగిలిపోకూడదనీ టానరీ గుంట దాకా వెళ్లాలనీ ఆయన పట్టు. 1971లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి అయిన సీఎస్‌ఐఆర్ అధిపతిగా ఢిల్లీ వెళ్లారు. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరాన కూలిన ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో ఆయన కూడా ఉన్నారు.

సగం పదును చేసిన తోలును చౌకగా అమ్ముకుని, విదేశాలు దానితో చేసిన బూట్ల లాభాన్ని చూస్తూ ఊరుకోవడం ఎందుకన్న ప్రశ్న అప్పటి విధానకర్తలందరిదీ. 1972లో సీతారామయ్య కమిటీ దానికి జవాబు చెప్పింది. ముడి తోళ్ల ఎగుమతి ఆగింది. సగం పదును చేసిన తోళ్ల ఎగుమతికి పరిమితులు వచ్చాయి. పూర్తిగా తయారైన తోలునూ, ఆపై బూట్లనూ పంపేవాళ్లకు ప్రోత్సాహకాలు దక్కాయి. దేశం కోణంలో అది సరైన నిర్ణయమే. లోయలో బూట్ల కర్మాగారాలు వెలిశాయి, వేల మంది ఆడవాళ్లకు నెల జీతం చేతికొచ్చింది. అయితే విదేశాల్లో జరిగే రసాయన పనంతా కూడా లోయలోకే వచ్చేసింది. లాభం ఇక్కడ మిగలాలని అడిగినవాళ్లు, దాని వెంట వచ్చే మురికి ఎక్కడ మిగలాలో అదే కాగితం మీద రాయలేదు.

నది పేరు మీద తీర్పు

ఒక కిలో తోలును పదును చేయడానికి సుమారు 35 లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఏళ్ల తరబడి వాగుల్లోకి, చెరువుల్లోకి, పాలారులోకి పోయాయి. బావులు ఉప్పుబారాయి, కొబ్బరి తోటలు ఎండాయి. వేలూరు పౌర సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకెక్కింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఇవాళ ప్రతి న్యాయశాస్త్ర విద్యార్థీ చదివే పాఠం. కలుషితం చేసినవాడే చెల్లించాలి, హాని జరుగుతుందని శాస్త్రం పూర్తిగా తేల్చేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలి అన్న రెండు సూత్రాలూ మన దేశ చట్టంలో భాగమేనని కోర్టు ప్రకటించింది. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందన్న అంచనా ఆ తీర్పులో నమోదైంది. ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా పడింది. నష్టాన్ని లెక్కకట్టి పరిహారం ఇప్పించడానికి ఒక ప్రాధికార సంస్థను వేయమని కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

తీర్పు ఊరికే పోలేదు. టానరీలు కలిసి నడుపుకునే ఉమ్మడి శుద్ధి కేంద్రాలు గట్టిపడ్డాయి. చుక్క మురుగునీరు కూడా బయటికి వదలకూడదన్న నిబంధన తర్వాత వచ్చింది. అయినా 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే వేలూరు టానరీల మీద మరో తీర్పు చెప్పి, బాధితులకు పరిహారం అందించి ఆ డబ్బు కాలుష్యకారుల నుంచి రాబట్టమని ఆదేశించాల్సివచ్చింది. రెండు తీర్పుల నడుమ ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

ఉప్పు ఎక్కడికి పోవాలి?

అందరూ క్రోమియాన్నే తిడతారు. నిజానికి క్రోమియాన్ని నీళ్ల నుంచి విడదీసి మళ్లీ వాడుకునే దారి ఉంది. ఎవరినీ భయపెట్టని వంటింటి ఉప్పే ఇక్కడ అసలు చిక్కు. కుళ్లకుండా ముడి తోలుకు పట్టించిన ఉప్పు చాలావరకు మొదటిసారి నానబెట్టిన నీళ్లలోనే దిగుతుంది. మామూలు శుద్ధికి అది లొంగదు. నీటిని పొరల గుండా వడకట్టి, మిగిలిన చిక్కటి ద్రావణాన్ని మరిగించి ఆవిరి చేస్తే, నీళ్లు శుభ్రమైనా ఉప్పు కుప్పలు మిగులుతాయి. రకరకాల రసాయనాలు కలిసిన ఆ ఉప్పును కొనేవాడు లేడు, పూడ్చే చోటు లేదు. కరెంటు ఖర్చుకు తట్టుకోలేక చిన్న టానరీలు నలుగుతాయి. పెద్దవి తట్టుకుంటాయి.

పాలారుకు పైనా కిందా మూడు రాష్ట్రాలున్నాయి. మొత్తం 348 కిలోమీటర్లలో 93 కర్ణాటకవి, 33 ఆంధ్రవి, 222 తమిళనాడువి. కుప్పం వైపు చెక్‌డ్యాముల ఎత్తు మీద ఆంధ్ర, తమిళనాడుల మధ్య వ్యాజ్యం ఉంది. పైనుంచి వచ్చే నీరు తగ్గినకొద్దీ కింది మురికి పలచబడే అవకాశం కూడా తగ్గుతుంది. నీటి పంపకాల తగువును, కాలుష్యం తగువును వేర్వేరు కోర్టు గదుల్లో తేల్చుకోవచ్చుగానీ నదికి అవి రెండు కావు.

ఇది పక్క రాష్ట్రం గొడవ అనుకుని వదిలేయడానికి లేదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర తోళ్ల పార్కు పెట్టాలన్న ప్రతిపాదన మన దగ్గరా నడిచింది. అలాంటివి మళ్లీ రావచ్చు, ఉద్యోగాల కోసం రావాలి కూడా. వచ్చినప్పుడు ఎంత పెట్టుబడి, ఎన్ని కొలువులు అని అడగడం ఎలాగూ అలవాటే. వాణియంబాడిని చూసినవాళ్లు వాటికి ముందు ఇంకో రెండు అడగాలి: ఉప్పు ఎక్కడికి పోతుంది, దాని ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారు? ఆ రెండింటికీ పునాదిరాయి వేసే రోజుకే జవాబు లేకపోతే, ముప్పై ఏళ్ల తర్వాత అవే ప్రశ్నలు మన ఊరి బావి పేరుతో సుప్రీంకోర్టు చేరతాయి.