కాలువ గట్టు దారి

నలభై ఆరేళ్ళ వయసులో, అదీ అమెరికాలో, నేను సైకిలు తొక్కానంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. "అదేం చోద్యమే, అక్కడ కార్లు లేవా?" అంది మా అమ్మ.

కార్లు లేకేం! వర్జీనియాలో మా అక్కయ్యావాళ్ళింట్లో మనుషులు ముగ్గురు, కార్లు మూడు. అందులో ఒకదాని వెనక సైకిళ్ళు కట్టి, రెండున్నర గంటలు ప్రయాణం చేయించి, నన్ను కంబర్లండ్ అనే చిన్న ఊళ్ళో దింపారు. చుట్టూ కొండలు, పక్కన పోటోమాక్ నది. "ఇక్కణ్ణించి వాషింగ్టన్ దాకా నది వెంబడే దారి ఉంది పిన్నీ. 297 కిలోమీటర్లు. దాని మీద కార్లు నడవనివ్వరు" అంది అక్కయ్య కూతురు.

నాకు సైకిలు రాదనుకునేరు! పాలకొల్లులో హైస్కూలు చదువంతా లేడీబర్డ్ సైకిలు మీదే సాగింది. అయితే ఒకటే షరతు. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. కాలువ గట్టు మాత్రం ఎక్కకూడదు. మా అన్నయ్య ఆ గట్టు మీదే పది కిలోమీటర్లు తొక్కి నరసాపురం వెళ్ళొచ్చి గొప్పలు చెప్పేవాడు. నేనూ వెళతానంటే, "ఆడపిల్లవి, గట్టు మీద నీకేం పని?" అనేవారు నాన్నగారు. నిజమే, పనేం లేదు. పని లేకుండా వెళ్ళాలనే కదా నా కోరిక!

ముప్పై ఏళ్ళ తరవాత ఆ కోరిక ఇలా ఖండాంతరంలో తీరింది. దారి చదునుగా ఉంది. ఒకవైపు చెట్ల సందుల్లోంచి నది, రెండోవైపు పొడుగునా ఒక పల్లం. ఆ పల్లంలో అక్కడక్కడ కాసిని నీళ్ళు, మిగతాదంతా ఏపుగా పెరిగిన చెట్లు. "ఇదేమిటే, ఎండిపోయిన కాలువలా ఉంది?" అన్నాను. "కాలువే పిన్నీ" అంది. అంటే నేను తొక్కుతున్నది కాలువ గట్టు మీదన్నమాట! నాన్నగారు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కనక, ఊరుకోలేక ఆ కాలువ కథంతా తవ్వి తీశాను.

1828 జూలై 4న ఆ దేశాధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఈ కాలువకి మొదటి పార వేశాడు. పార మట్టిలోకి దిగితే కదా! వేరు తగిలింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ అదే. ఆఖరికి కోటు విప్పి పక్కన పడేసి బలంగా వేస్తే దిగింది. చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారట. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ రోజే బాల్టిమోర్ నగరంలో ఒక రైలు మార్గానికి శంకుస్థాపన జరిగింది. కాలువా, రైలూ ఒకే ముహూర్తాన పుట్టి, ఒకే కొండల వైపు పరుగు మొదలెట్టాయి. రైలు 1842లో కంబర్లండ్ చేరింది. కాలువ 1850కి గాని చేరలేదు.

ఆలస్యం కాదూ మరి! 605 అడుగుల ఎత్తు ఎక్కడానికి 74 లాకులు కట్టాలి. పా పా అనే ఊరి దగ్గర కొండ అడ్డొస్తే 950 మీటర్ల సొరంగం తొలవాలి. రెండేళ్ళలో అయిపోతుందనుకున్న ఆ సొరంగానికి పద్నాలుగేళ్ళు పట్టింది. తవ్విన కూలీల్లో ఐర్లండ్ నుంచి పొట్ట చేతపట్టుకొచ్చినవాళ్ళే ఎక్కువ. 1832లో కలరా వచ్చి వాళ్ళలో ఎంతోమంది పోయారు. అధ్యక్షులవారి పారకి వేరు తగిలిన సంగతి అందరూ రాశారు గాని, ఆ పోయినవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు?

ఇక కాలువలో పడవలు నడిచిన తీరు చూడండి. ఒక్కో పడవలో సుమారు 120 టన్నుల బొగ్గు. దాన్ని లాగేవి కంచరగాడిదలు. అవి నడవడానికే ఈ గట్టు దారి. పడవవాడి సంసారమంతా ఆ పడవలోనే. ఆయన చుక్కాని వదిలితే ఆవిడ పట్టుకోవాలి. ఓ చేత్తో చుక్కాని, ఓ కన్ను పొయ్యి మీద కూర. నడక వచ్చిన పసివాడు నీళ్ళల్లో పడకుండా నడుముకి తాడు కట్టి పడవకే కట్టేసేవారు. కాస్త పెద్దపిల్లలు కంచరగాడిదల వెంట రోజల్లా గట్టు మీద నడవాలి. బడీ లేదు, ఆటా లేదు. గట్టు మీద ఆడపిల్లకేం పని అని ఆ తండ్రులు అడగలేదు. అడిగే తీరిక వాళ్ళకి లేదు.

చివరికి రైలే గెలిచింది. వరదల మీద వరదలొచ్చి, 1924 వరదతో పడవలు ఆగిపోయాయి. 1938లో ప్రభుత్వం వారు 20 లక్షల డాలర్లకి కాలువని కొన్నారు. కొన్నాక ఏం చెయ్యాలో తోచక, దాని మీద కార్లకి రోడ్డేద్దామని ఆలోచన చేశారు. వాషింగ్టన్‌లోని ఒక పెద్ద పత్రిక కూడా బాగుందని సంపాదకీయం రాసింది.

అప్పుడు వచ్చాడండీ ఒకాయన అడ్డం. పేరు విలియం డగ్లస్, సుప్రీం కోర్టు న్యాయమూర్తి. "నాతో కలిసి ఈ గట్టు మొత్తం నడవండి, ఆ తరవాత మీ ఇష్టం" అనే అర్థం వచ్చేటట్టు పత్రికకి ఉత్తరం రాశాడు. సంపాదకులు మొహమాటపడ్డారో, రోషపడ్డారో, సరేనన్నారు. 1954 మార్చిలో కంబర్లండ్ నుంచి 58 మంది బయల్దేరారు. ఎనిమిది రోజుల నడక. కాళ్ళు బొబ్బలెక్కి ఒక్కొక్కరే తప్పుకోగా, చివరిదాకా నడిచినవాళ్ళు డగ్లస్‌తో కలిపి తొమ్మండుగురు. ఆయనకి అప్పటికి యాభై అయిదేళ్ళు. పత్రిక మనసు మార్చుకుంది. రోడ్డు ఆగింది. 1971లో ఆ కాలువంతా జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది. నడిచి కాపాడుకున్న దారి కనకే అంత ముద్దు కాబోలు దాని మీద వాళ్ళకి.

ఇంకో ముచ్చట. కంబర్లండ్ నుంచి రెండోవైపు, పిట్స్‌బర్గ్ దాకా మరో 240 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. అందులో చాలాభాగం వేరే కంపెనీ వారి రైలు మార్గం. 1975లో మూతపడితే పట్టాలు తీసేసి, ముక్కముక్కలుగా కలుపుకుంటూ 2013కి పూర్తి చేశారు. ఓడిపోయిన కాలువా, మూతపడిన రైలూ ఆ చిన్న ఊళ్ళో కలుసుకుని సైకిళ్ళకి దారిచ్చాయి. చూశారా చరిత్ర వేళాకోళం!

ఆ రోజు నేను తొక్కింది మహా అయితే 14 కిలోమీటర్లు. నార్త్ బ్రాంచ్ అనేచోట పాత లాకు దగ్గర ఆగిపోయాను. అక్కయ్య కూతురు లాకంటే ఏమిటో ఇంగ్లీషులో మొదలెట్టింది. "ఆగవే తల్లీ, గోదావరి జిల్లా దానికి లాకుల పాఠం చెప్తావా?" అన్నాను. రెండు తలుపుల మధ్య నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఇదే పని మా కాలువల్లోనూ జరిగేది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852లో పూర్తిచేశాడు. అంటే ఈ కాలువ కంబర్లండ్ చేరిన రెండేళ్ళకే. ఆ కాలువలు పొలాలకి నీళ్ళివ్వడంతోపాటు పడవలు నడపడానికీ తవ్వినవే.

అక్కడ కంచరగాడిదలు లాగాయి. ఇక్కడో? మా మామ్మ చెప్పేది. స్వాతంత్ర్యం రాకముందు, నరసాపురంలో పుట్టింటి నుంచి పాలకొల్లు అత్తారింటికి పడవలోనే కాపరానికొచ్చింది. ఎదురునీరు. ఇద్దరు మనుషులు భుజాన తాడేసుకుని గట్టు మీద వంగి నడుస్తూ లాగారట. "వాళ్ళ మొహాలు చూళ్ళేదే. దారంతా వీపులే చూశాను" అనేది. కొత్త పెళ్ళికూతురు, తలెత్తి చూడకూడదు. కట్నం గురించీ, సారె గురించీ ఎన్ని చెప్పేదో గాని, చివరికి ఆ వీపుల దగ్గరికే వచ్చేది.

లాకు గోడ మీద కూర్చుని పులిహోర తింటూ నేను ఆలోచించింది ఇదే. అక్కడ నీళ్ళు పోయి దారి మిగిలింది. మాకు నీళ్ళు మిగిలి దారి పోతోంది. మా కాలువ పొలాలకి పాలిచ్చే తల్లి కనక బతికింది. పడవలు పోయాక గట్టుని పట్టించుకున్నదెవరు?

తిరిగొచ్చాక, ఒకనాడు తెల్లవారుజామున అన్నయ్య కొడుకు సైకిలు తీసుకుని పాలకొల్లు కాలువ గట్టెక్కాను. నాన్నగారు లేరు, అడ్డుపెట్టేవారెవరూ లేరు. కొబ్బరిచెట్ల నీడ నీళ్ళ మీద కదులుతోంది. కొంగలు, బట్టలుతికే రేవులు, ప్రాణం లేచొచ్చింది. కొంతదూరం తారు రోడ్డు. ఆపైన మట్టి. ఆపైన ఎవరిదో పశువుల పాక, దాని వెనక ఇంటి పునాది, తరవాత చెత్తకుప్ప. సైకిలు దిగి, పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళాను. నరసాపురం చేరలేదు.

రేవులో గిన్నెలు తోముకుంటున్న ఒకావిడ తలెత్తి, "ఎక్కడికమ్మా?" అంది.

"ఎక్కడికీ లేదండీ. ఊరికే."

ఆవిడ నన్నూ, సైకిల్నీ ఎగాదిగా చూసి నవ్వింది. "మా అమ్మాయీ ఇలాగే అంటుంది. బడి సైకిలుంది గదా, గట్టెంట పోయొస్తానని. ఈ కుప్పలు చూసి నేనే పంపను."

ఆ మాట నన్ను పట్టుకుంది. మా నాన్నగారు పంపకపోవడానికి కారణం లోకం. ఈ తల్లి పంపకపోవడానికి కారణం చెత్తకుప్ప. లోకాన్ని మార్చడం కష్టం గాని, చెత్తకుప్ప తియ్యడానికేం?

న్యాయమూర్తిగారిలా 297 కిలోమీటర్లు నడవమని నేనెవర్నీ అడగను. మీ ఊళ్ళో కాలువుంటే, ఓ ఆదివారం పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని దాని గట్టు ఎంతదాకా మిగిలిందో చూసిరండి. పనేమిటని ఎవరైనా అడిగితే, పనేమీ లేదనే చెప్పండి. తాడు భుజాన వేసుకుని వంగి నడిచిన ఎవరి పాదాలో వేసిన దారి అది. మా మామ్మ వాళ్ళ మొహాలు చూళ్ళేకపోయింది. కనీసం వాళ్ళ దారినైనా మనం చూద్దాం.