దోర్నపాల్ దగ్గర లారీ గుద్దితే కారు నష్టం ఎవరు భరించాలి?

విజయవాడ, భద్రాచలం నుంచి జగదల్‌పూర్ వెళ్లే వాహనాలు 30వ నంబరు జాతీయ రహదారిపై శబరి ఒడ్డున ఉన్న కుంట దాటి, దోర్నపాల్ మీదుగా సుక్మా చేరతాయి. ఆ దారిలో ఎదురుగా వచ్చిన లారీ డ్రైవర్ తప్పు వల్ల కారు దెబ్బతింటే చాలామంది ఆయన చేతిలో పెట్టిన నాలుగైదు వేలు తీసుకుని బయల్దేరిపోతారు. ఊరు కాని ఊళ్లో పోలీసుల చుట్టూ, కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారన్న భయమే దీనికి కారణం. పోలీసుల విషయంలో ఆ భయానికి కొంత అర్థముంది. కోర్టు విషయంలో లేదు.

మోటారు వాహనాల చట్టం-1988లోని 166వ సెక్షన్ ప్రకారం పరిహారం దరఖాస్తును ప్రమాదం జరిగిన చోటే వేయనక్కర్లేదు. బాధితుడు నివసించే లేదా వ్యాపారం చేసే ప్రాంతంలోని మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లోనూ వేయవచ్చు. అంటే ఖమ్మం వాసి ఖమ్మంలోనే కేసు నడుపుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. ఆ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది కానీ, తీర్పు మీద ఆశతో ఆలస్యం చేయడం తెలివైన పని కాదు.

కాగితాలు మాత్రం ప్రమాదస్థలం నుంచే రావాలి. లారీ నంబరు కనిపించేలా, వాహనాలను కదిలించక ముందే ఫొటోలు తీసుకోవాలి. నంబరు ఉంటే బీమా వివరాలు ఎంపరివాహన్ యాప్‌లో దొరుకుతాయి. స్థానిక స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోవాలి. అది హిందీలో ఉంటుంది కాబట్టి తర్వాత తర్జుమా అవసరం పడవచ్చు. ఎదుటి వాహనం వివరాలను బాధితుడు అడిగితే పోలీసులు, రవాణా అధికారులు ఇవ్వాల్సిందేనని 160వ సెక్షన్ చెబుతోంది.

ట్రైబ్యునల్ తీర్పుకు ఏళ్లు పట్టవచ్చు, కారు అప్పటిదాకా షెడ్డులో ఉండలేదు. అందుకే సమగ్ర పాలసీ ఉన్నవారు ముందు సొంత కంపెనీకి వెంటనే తెలియజేసి, సర్వేయర్ చూశాకే మరమ్మతు మొదలుపెట్టించడం మేలు. దీనికి మూల్యం నో క్లెయిమ్ బోనస్. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతానికి చేరిన రాయితీ ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. బంపర్ సొట్టలాంటి చిన్న నష్టానికి ఆ లెక్క వేసుకోకుండా క్లెయిమ్ చేయకూడదు. డబ్బు చెల్లించిన కంపెనీ తర్వాత లారీ వైపు నుంచి రాబట్టుకోవచ్చు. ఒకే నష్టానికి రెండుచోట్లా వసూలు చేసుకోవడం మాత్రం కుదరదు.

సొంత కారుకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే లారీ యజమాని, డ్రైవర్, బీమా కంపెనీలను ప్రతివాదులుగా చేర్చి ట్రైబ్యునల్‌కు వెళ్లడమే దారి. లారీ పాలసీలో ఆస్తి నష్టానికి పరిమితి సాధారణంగా 7.5 లక్షల రూపాయలు. ప్రీమియం తగ్గించుకునేందుకు యజమాని దాన్ని 6,000కు కుదించుకుని ఉంటే మిగతాది ఆయన నుంచే రావాలి.

లారీ ఆగకుండా వెళ్లిపోయి నంబరు కూడా దొరక్కపోతే, ప్రభుత్వ హిట్ అండ్ రన్ పథకం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తుంది. కారుకు అందులో పైసా రాదు.