డాక్టరును పెట్టుకున్న గని కార్మికులు

సౌత్ వేల్స్‌లోని ట్రెడిగర్‌లో గని కార్మికులు, ఇనుప కార్ఖానా కార్మికులు కలిసి 1890లో ఒక వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. జీతంలో పౌనుకు మూడు పెన్నీలు సంఘానికి కట్టేవారు. పౌనుకు 240 పెన్నీలున్న రోజులవి. ఆ డబ్బుతోనే డాక్టరు, పళ్ల డాక్టరు, కళ్లజోళ్లు, గనిలో కాలు పోయినవాడికి కొయ్యకాలు. డాక్టరును పనిలో పెట్టుకునేదీ, జీతమిచ్చేదీ కార్మికుల కమిటీయే. రాత్రి కబురు పెట్టినా డాక్టరు రాకపోతే నిలదీసేది కూడా ఆ కమిటీయే.

ఇది డాక్టర్లకు మింగుడుపడలేదు. చదువుకున్నవాణ్ని బొగ్గు తవ్వేవాడు అడగడమేమిటని బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి సంఘాలతో ఏళ్ల తరబడి పోరాడింది. కమిటీల్లో కక్షలు, చిన్నబుద్ధులు లేవని నేననను. ట్రెడిగర్‌లో పనిచేసిన ఎ.జె. క్రోనిన్ 1937లో రాసిన ‘ది సిటాడెల్’ నవలలో అవీ కనిపిస్తాయి. అయినా రోగి మాటకు అంత విలువ ఆ తర్వాత బ్రిటన్‌లో మరెప్పుడూ దక్కలేదని నా నమ్మకం.

ఆ ట్రెడిగర్‌లో పుట్టినవాడే అన్యూరిన్ బెవన్. ఆరోగ్య మంత్రిగా 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టాడు. జేబులో డబ్బుందా లేదా అన్నది డాక్టరు గుమ్మం దగ్గర ఎవరూ అడగనక్కర్లేదు. నా దృష్టిలో అంతకు మించిన చట్టం లేదు. కానీ ఫ్యామిలీ డాక్టర్లు ప్రభుత్వంతో కాంట్రాక్టు రాసుకున్న స్వతంత్రులుగానే ఉండిపోయారు. వైద్యం రోగికి అందింది, కమిటీలో రోగి కుర్చీ మాత్రం పోయింది.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి నేను డెబ్బైల్లో ఈ సౌత్ వేల్స్ లోయల్లోకి వచ్చాను. స్థానిక డాక్టర్లు రావడానికి ఇష్టపడని ఊళ్లు మాలాంటి వాళ్లకు దొరికేవి. వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువగా దొరుకుతుందని 1971లో ‘లాన్సెట్’లో రాసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ కూడా ఇలాంటి ఊళ్లోనే, గ్లిన్‌కోరుగ్‌లో, ప్రాక్టీసు చేసేవాడు. ఊరందరి రక్తపోటూ చూసి లెక్కరాసిన మనిషి. రోగి మందు పుచ్చుకుని వెళ్లిపోయేవాడు కాదు, ఆరోగ్యాన్ని డాక్టరుతో కలిసి తయారుచేసేవాడు అని ఆయన వాదన.

రోగుల బృందం మళ్లీ పుట్టింది 1972లో, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెరిన్స్‌ఫీల్డ్‌లో. పాత విమానాశ్రయం మీద కట్టిన ఊరది. అక్కడి డాక్టరు పీటర్ ప్రిచర్డ్ తన రోగులను కూర్చోబెట్టి క్లినిక్కు నడిచే తీరు మీద వాళ్ల మాట అడిగాడు. దాదాపు అదే కాలంలో బ్రిస్టల్‌లోనూ, గనుల ఊరైన అబర్‌డేర్‌లోనూ ఇలాంటివే మొదలయ్యాయి. 1978లో ఈ బృందాలకు జాతీయ సంఘం ఏర్పడింది. తమ ఆరోగ్య సేవల రూపకల్పనలో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అని అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు వెలువరించిన ఆల్మా-ఆటా ప్రకటన చెప్పిందీ ఆ సంవత్సరమే.

మా క్లినిక్కులో బృందం పెట్టినప్పుడు మందుల గురించి అడుగుతారనుకున్నాను. మొదటి సమావేశంలో ఒక ముసలావిడ లేచి, “డాక్టరుగారూ, మా పై వీధి బస్సు దిగేది పదింటికి. మీరు పేర్లు రాసుకోవడం ఆపేదీ పదింటికే” అంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చే మరొకాయన, పేర్లు రాసే కిటికీ దగ్గర రోగమేమిటో అందరూ వింటుండగా చెప్పాల్సొస్తోందని, అందుకే తన స్నేహితుడు రావడమే మానేశాడని చెప్పాడు. వేళ మార్చాం. కిటికీ దగ్గరి కుర్చీలు గోడవైపు జరిపాం. ఆ స్నేహితుడు వచ్చాడు. అతనికి మధుమేహం బాగా ముదిరి ఉంది. మెడికల్ కాలేజీలో నాకెవరూ బస్సు వేళలు నేర్పలేదు. ఆ ఊళ్లో రోగం ముదరడానికి అవీ కారణమే.

2015 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి క్లినిక్కుకూ రోగుల బృందం ఉండాలని కాంట్రాక్టులోనే రాశారు. మంచిదే. కానీ నేను చూసిన బృందాల్లో చాలావాటికి వచ్చేది పింఛనుదార్లే. చంటిపిల్లల తల్లులు, షిఫ్టు కార్మికులు, ఇంగ్లీషు సరిగా రాని మనవాళ్లు కనిపించరు. పైగా అక్కడ సలహాలు వింటారు గానీ ఖర్చుల లెక్కలు చూపించరు. ట్రెడిగర్ కార్మికుడికి లెక్క అడిగే హక్కు మూడు పెన్నీలతో వచ్చింది. ఈనాటి రోగి కూడా పన్ను కడుతున్నాడు. క్లినిక్కు ఏ వేళకు తెరవాలి, కొత్త డాక్టరుగా ఎవరిని తీసుకోవాలి అన్న రెండింటిలోనైనా బృందం ఓటు చెల్లాలని, సమావేశాలు సాయంత్రాలు పెట్టాలని నేను వెళ్లిన ప్రతిచోటా అడుగుతూనే ఉన్నాను.