ఏడవ ఛానెల్ వృత్తాంతం

పొలానికి గట్లున్నవి, ఇంటికి ప్రహరీ ఉన్నది. ఆకాశానికి మాత్రం హద్దురాళ్లు లేవు. అయినా ఆ ఆకాశంలో ఒక ప్రసారమార్గాన్ని పొందినవారు అపారమైన ధనం గడించిన ఉదంతాలు చరిత్రలో పెక్కు ఉన్నవి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రానికి రాజధాని అయిన ఆస్టిన్ నగరంలో ఒక చిన్న ప్రసార సంస్థ 30 సంవత్సరాలలో పెరిగి, దాని టెలివిజన్ కేంద్రం విక్రయమైన తీరు అట్టిది. ప్రజల సొత్తు వ్యక్తుల సంపదగా ఎట్లు మారుతుందో ఈ వృత్తాంతంలో మనం స్పష్టంగా చూడగలము.

1943 నాటికి ఆస్టిన్‌లోని కె.టి.బి.సి. రేడియో కేంద్రం నష్టాలలో ఉన్నది. దాని శక్తి 250 వాట్లు. ప్రసారాలు పగటివేళ మాత్రమే. ఆ సంవత్సరం లేడీ బర్డ్ జాన్సన్ అనే వనిత 17,500 డాలర్లకు దానిని కొన్నారు. తల్లివైపు నుండి సంక్రమించిన ధనం ఆమెకు ఉన్నది. పత్రికారచనలో పట్టా కూడా ఉన్నది. ఆమె భర్త లిండన్ జాన్సన్ 1937 నుండి అమెరికా ప్రతినిధుల సభలో సభ్యులు. ఆమె స్వయంగా కేంద్రంలో కూర్చుండి లెక్కలు చూచినారు, బాకీలు వసూలు చేయించినారు. ఆగస్టులో కనబడిన తొలి లాభం 18 డాలర్లు! ఆ సంవత్సరమే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆ కేంద్రం శక్తిని 1,000 వాట్లకు పెంచడానికీ, రాత్రివేళ కూడా ప్రసారం చేయడానికీ అనుమతించినది. సి.బి.ఎస్. అనే జాతీయ ప్రసార సంస్థతో సంబంధం కూడా ఏర్పడినది.

తరువాత టెలివిజన్ యుగం వచ్చినది. కొత్త టెలివిజన్ కేంద్రాలకు అనుమతులివ్వడాన్ని కమిషన్ 1948లో నిలిపివేసి, 1952 ఏప్రిల్‌లో తిరిగి ప్రారంభించినది. అప్పటి ఛానెళ్లు రెండు తరగతులు. 2 నుండి 13 వరకు ఉన్నవి వి.హెచ్.ఎఫ్.; అంతకు పైవి యు.హెచ్.ఎఫ్. ఆనాడు ఇండ్లలో ఉన్న పెట్టెలు చాలావరకు మొదటి తరగతినే అందుకోగలిగేవి. ఆస్టిన్‌కు ఆ తరగతిలో కేటాయించినది ఒక్క ఛానెల్, ఏడవది. అది జాన్సన్ కుటుంబపు సంస్థకు లభించినది. 1952 నవంబరు 27న, టెక్సాస్ విశ్వవిద్యాలయానికీ టెక్సాస్ ఎ. అండ్ ఎం. కళాశాలకూ జరిగిన ఫుట్‌బాల్ పోటీతో ప్రసారాలు మొదలైనవి.

అటుపై 12 సంవత్సరాలపాటు ఆ ఊరికి మరియొక టెలివిజన్ కేంద్రం లేదు. ఒకే బావి ఉన్న పల్లెలో ఊరంతా ఆ బావికే రావలసి ఉన్నట్లు, సరుకు అమ్ముకొనదలచిన వర్తకుడూ, ఆస్టిన్ ప్రేక్షకుల నాశించిన జాతీయ సంస్థలూ ఆ కేంద్రానికే రావలసి వచ్చినది. సి.బి.ఎస్., ఎన్.బి.సి., ఎ.బి.సి. మూడింటి కార్యక్రమాల నుండీ తనకు నచ్చినవి ఏరుకొనే స్వేచ్ఛ ఆ కేంద్రానిదే. ఆమె కార్యదక్షతను మనం తక్కువ చేయరాదు. కాని ఈ స్థితి కార్యదక్షత వలన మాత్రమే సిద్ధించేది కాదని కూడా ఒప్పుకొనవలెను.

ఇంతలో ఆమె భర్త సెనేట్‌లో అధికసంఖ్యాక పక్షానికి నాయకులై, 1961లో ఉపాధ్యక్షులై, 1963 నవంబరులో దేశాధ్యక్షులైనారు. లైసెన్సులిచ్చే కమిషన్‌పై శాసనసభకు అధికారమున్నది. ఆ శాసనసభలో ఈయనకు పలుకుబడి ఉన్నది. వ్యాపారం తన భార్యదేననీ, అందులో తనకు జోక్యం లేదనీ జాన్సన్ చెప్పేవారు. ఆయన పలుకుబడి ఆ వ్యాపారానికి అండగా నిలిచినదని చరిత్రకారుడు రాబర్ట్ కారో 1990లో వెలువడిన గ్రంథంలో వాదించినారు. అధ్యక్షపదవి రాగానే ఆ కుటుంబం తన వాటాలను ధర్మకర్తలకు అప్పగించినది. అయినా వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి లూయీ కోల్‌మయర్ 1964లో ఈ సంపద పెరిగిన తీరును శోధించి వ్రాసినారు; 1965లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చినది. పాలకుల ఆస్తిని ప్రశ్నించిన పాత్రికేయునికి ఆ దేశంలో గౌరవం దక్కినదని మనం గమనించవలెను.

1965లో ఆస్టిన్‌కు రెండవ టెలివిజన్ కేంద్రం వచ్చినది. ఒకే ఊరిలో టెలివిజన్ కేంద్రమూ కేబుల్ వ్యాపారమూ ఒకే చేతిలో ఉండరాదని కమిషన్ నియమం చేసినది. కేబుల్ వ్యాపారంలో కూడా ప్రయోజనమున్న ఆ కుటుంబం, జాన్సన్ మరణించిన 1973లో, టెలివిజన్ కేంద్రాన్ని టైమ్స్ మిర్రర్ సంస్థకు 90 లక్షల డాలర్లకు విక్రయించినది. రేడియోను మాత్రం అట్టిపెట్టుకొన్నది.

ఆ 90 లక్షలు దేనికి వెల? కట్టడాలకూ, కెమెరాలకూ, ప్రసార స్తంభానికీ అంత ధర రాదు. అధికభాగం ఏడవ ఛానెల్‌పై ప్రసారం చేసే అనుమతికే. 1934 నాటి అమెరికా చట్టం ప్రకారం ఆ అనుమతి వాడుకొనే హక్కే గాని యాజమాన్యం కాదు. నాడు మూడేండ్లకొకసారి దానిని పునరుద్ధరించుకొనవలసి ఉండేది. చట్టం దృష్టిలో అద్దెకున్నవారు అంగడిలో యజమానులై అమ్ముకొన్నారు.

మన దేశంలో కూడా తరంగమార్గాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో ప్రకటించినది. కనుక ఒక ప్రసార కేంద్రం చేతులు మారినదని వినినప్పుడు, అమ్మినవారెవరు, కొన్నవారెవరు అని మాత్రమే కాక, అందులో ప్రజలదెంత, ప్రజలకు ముట్టినదెంత అని కూడా మనం అడుగవలెను.