చందా, గ్రాంటు, ఫీజు - మన చదువుల ఖర్చు ఎవరు పెట్టారు?

పోయిన ఏడు మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి, "ఉర్దూ సెక్షన్లు తీసేసి ఆ గదుల్లో ఇంగ్లీషు మీడియం ఫీజు స్కూలు పెడదాం జనాబ్, సంఘానికి ఆదాయం వస్తుంది, ఎన్నాళ్ళని సర్కారు గ్రాంటు కోసం చేతులు చాపుతాం?" అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. మేము ఉర్దూ మీడియం పంతుళ్ళము. ఆ మాట మాకు గుచ్చుకున్న మాట నిజమే. కాని ఆయన అడిగిన ప్రశ్న తేలికైనది కాదు, కొత్తదీ కాదు. అందుకని కోపం పక్కనపెట్టి దాని చరిత్ర కొంచెం తిరగేసి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బడి ప్రైవేటువారిది, ఖర్చులో కొంత సర్కారుది, తనిఖీ సర్కారుది అనే ఏర్పాటు 1854లో చార్లెస్ వుడ్ పంపిన డిస్పాచితో వచ్చినది. దానినే గ్రాంట్-ఇన్-ఎయిడ్ అన్నారు. 1882లో విలియం హంటర్ అధ్యక్షతన విద్యా కమీషను వేశారు. ప్రభుత్వం ప్రాథమిక విద్య చూసుకోవాలి, హైస్కూళ్ళు కాలేజీల నుండి మెల్లమెల్లగా తప్పుకొని వాటిని ప్రైవేటు వారికి వదలాలి అని ఆ కమీషను ఉద్దేశము. వినడానికి బాగానే ఉన్నది. అయితే ఆ బడులను తీసుకొని నడపగలవారెవరు? మిషనరీలు, లేదా చందాలు పోగుచేసుకోగల స్తోమత కలిగిన వర్గాలు.

ఆ కమీషనుకు పూనా నుండి మహాత్మా జోతిరావు ఫూలే ఒక విజ్ఞప్తి పంపారు. రైతు కట్టే పన్నులతో పైవర్గాల పిల్లలు పెద్ద చదువులు చదువుతున్నారు, రైతుబిడ్డకు అక్షరం ముక్క లేదు అని అందులో గట్టిగా అడిగారు. అలాగని సర్కారు విద్యనుండి తప్పుకోవడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. మనవారిలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కూడా కమీషను ముందు సాక్ష్యమిచ్చారు. ముస్లిం పిల్లల చదువుకు ప్రత్యేక ప్రోత్సాహమివ్వడం సర్కారు నిధుల మీద న్యాయమైన ఖర్చేనని, వారి బడుల్లో హిందూస్తానీలో పాఠాలు చెప్పాలని, స్కాలర్‌షిప్పులు ఇవ్వాలని హంటర్ కమీషను సిఫారసు చేసినది. నేటి మన ఉర్దూ బడికి తాతముత్తాతలెవరని ఎవరైనా అడిగితే, ఈ కాగితం కూడా చూపించవచ్చును.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేము. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో కూడా, ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను ఒక్కొక్కరిని పరీక్షించేవాడు. ఎంతమంది పాసైతే అంత డబ్బు. వీధిబడి పంతులు ఏం చేస్తాడు? ఇన్‌స్పెక్టరు ఏమడుగుతాడో అదే బట్టీ పట్టిస్తాడు. పాసుకాడనుకున్న పిల్లవాడి మీద శ్రద్ధ ఎందుకు పెడతాడు? ఈ పద్ధతివల్ల చదువు చెడిపోతున్నదని తెలుసుకొని 20వ శతాబ్దం మొదట్లో దానిని వదిలేశారు. ఇవాళ ర్యాంకుల ఫోటోలతో పేపరు నిండా ప్రకటనలు చూసినప్పుడల్లా మాకు ఆ ఇన్‌స్పెక్టరే గుర్తుకొస్తాడు.

నిజాం రాజ్యంలో కథ వేరు. 1917లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీచేయగా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనది. ఉర్దూలో పై చదువులు చెప్పడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టి, సైన్సు, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలు తర్జుమా చేయించారు. ఇది ఏ షావుకారూ లాభం చూసుకొని చేసే పని కాదు. ఖజానా చేసినది. తెలుగు పిల్లలకు తమ భాషలో ఆ భాగ్యం దొరకలేదన్నది కూడా నిజమే, దానిని దాచనక్కరలేదు. 1948 తరువాత అక్కడ ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చినది.

ఇక సంఘం చందాతో నడిచిన దారికి కర్నూలు ఉస్మానియా కాలేజీ ఉన్నది. డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ 1947లో దానిని స్థాపించారు. ఆ కాలేజీ సర్కారు ఎయిడుతో నిలబడింది. రాయలసీమలో ఎన్ని ఇళ్ళల్లో మొదటి గ్రాడ్యుయేటు అక్కడినుండి వచ్చాడో లెక్క వేయండి.

ఎయిడు తలుపు మూసుకున్నది 1980లలో. 1985 మార్చి తరువాత పుట్టిన ప్రైవేటు విద్యాసంస్థలకు గ్రాంటు లేదని మన రాష్ట్రం చట్టం చేసినది. సరిగ్గా ఆ పదేళ్ళలోనే ఫీజు కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ 1983లో చట్టం చేశారు. అయినా 1992లో ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల వ్యవహారం హైకోర్టుకెక్కి, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చినది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కు అన్నది, కాలేజీల్లో ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు అని ఏర్పాటు చేసినది. ఆ ఏర్పాటును 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది జడ్జీల బెంచి కొట్టేసింది.

ఈ మధ్యలో, 2000లో, ముఖేష్ అంబానీ, కుమారమంగళం బిర్లాలు ప్రధానమంత్రి వాణిజ్య, పరిశ్రమల మండలికి విద్యా సంస్కరణల మీద ఒక నివేదిక ఇచ్చారు. సర్కారు ప్రాథమిక విద్య చూసుకోవాలి, పై చదువులు ప్రైవేటుకు వదలాలి, చదివేవాడే ఖర్చు భరించాలి, లేనివాడికి అప్పు ఇప్పించాలి అని దాని సారాంశం. 1882 నాటి మాటే కదా! తేడా ఏమిటంటే, హంటర్ దగ్గర గ్రాంటు అయినా ఉండేది.

ప్రైవేటువల్ల మనకు చెడే జరిగిందనడం అన్యాయం. హైదరాబాదులో ముఫ్ఖం జా ఇంజనీరింగ్ కాలేజీ 1980లో వచ్చినది, ఎందరో మన పిల్లలు ఇంజనీర్లయ్యారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఆటో తోలేవారి కొడుకులు కూడా బి.టెక్. చదివారు. కాని గమనించండి, అక్కడ కూడా డబ్బు సర్కారుదే. 2016 నుండి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాయి, 204 వరకు పెరిగాయి. చదువు, తిండి, బట్ట ఉచితం. మీడియం మాత్రం ఇంగ్లీషు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎయిడెడ్ సంస్థల మీదికే వచ్చారు. ఆస్తులతో సహా సర్కారుకు అప్పగించండి, లేదా ఎయిడు వదులుకొని ప్రైవేటుగా నడుపుకోండి అన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరులో ప్రభుత్వం కొంత తగ్గి, ఎయిడెడ్‌గానే కొనసాగే వీలు కూడా ఇచ్చినది. బయటివారు బలవంతం చేస్తే అంత గొడవ చేసినవాళ్ళం, అదే పని ఇప్పుడు మన చేతులతో మనమే చేద్దామా?

ఒక లెక్క ఆ పెద్దమనిషికి మనవి చేస్తాము. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు నూటికి 25 సీట్లు బీద పిల్లలకు ఇవ్వాలి. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ సంస్థలను ఆ చట్టం నుండి మినహాయించినది. కనుక మనం పెట్టబోయే ఫీజు స్కూల్లో ఒక్క బీద పిల్లను చేర్చుకోకపోయినా అడిగేవాడు ఉండడు. మా ఉర్దూ సెక్షన్లో ఉన్నది పళ్ళబండ్లవారి, బీడీలు చుట్టేవారి పిల్లలు, ఎక్కువమంది ఆడపిల్లలు. పట్టణంలో ఇన్ని ఫీజు స్కూళ్ళు ఉన్నాయి కదా, ఒక్కటైనా ఉర్దూ మీడియం పెట్టిందా? లాభం లేదు కనుక పెట్టలేదు, రేపు పెట్టదు కూడా.

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. మా పిల్లలకు ఇంగ్లీషు బాగా రావడంలేదన్న ఫిర్యాదు నిజం, అందులో మా తప్పూ ఉన్నది. చందాలతో ఒక మంచి ఇంగ్లీషు టీచరును పెట్టండి, సాయంత్రం క్లాసులు మేమే దగ్గరుండి చూస్తాము. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం మళ్ళీ ఎజెండాకు వస్తుందని విన్నాము. అంతకుముందు ఒకరోజు, మీకు వీలైన పూట, మా అయిదవ తరగతికి వచ్చి వెనుక బెంచీలో ఒక పీరియడు కూర్చొని వెళ్ళవలసినదిగా ఆ పెద్దమనిషిని, చప్పట్లు కొట్టిన సోదరులను అదబ్‌తో ఆహ్వానిస్తున్నాము.